తీసిన సామాను మిస్త్రీదే

స్టేషన్ ఘన్‌పూర్‌లో దస్తగిరి మనుషుల మొహాలు చూడటం మానేసి పదకొండు రోజులైంది. ఇప్పుడు బండ్ల మొహాలే చూస్తున్నాడు. ఎదురుగా జీపు వస్తే ముందు దాని ఎడమ దీపం చూస్తాడు, తర్వాత బంపరు, తర్వాత బానెట్ అంచు. అన్నీ సాఫుగా ఉన్నాయని తేలాకే నడిపేవాడెవడో చూసి సలాం చెబుతాడు. సలాం ఆలస్యమైందని నొచ్చుకున్నవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు ఉన్నారు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ, తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడికి మర్యాదలు గుర్తుంటాయా?

పదకొండు రోజుల కింద పొద్దున ఆరు గంటల వేళ, జఫర్‌గఢ్ రోడ్డు మీద అతని తమ్ముడు ఆమెర్ మోటార్‌సైకిల్‌ను ఏదో బండి వెనక నుంచి గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆమెర్‌ది రస్కుల బేరం. పొద్దు పొడవకముందే బేకరీలో రస్కులూ ఖారీలూ రేకు డబ్బాలో నింపుకుని, దాన్ని బండి వెనక కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. జనం చాయ్ పెట్టుకునే వేళకు వాడి హారన్ వినపడాలి. అలాగని దూకుడుగా తోలే రకం కాదు. హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగిస్తే గానీ కిక్కు కొట్టేవాడు కాదు. "పెండ్లికొడుకువైతున్నవారా, సెహ్రా కట్టినవ్?" అని చాయ్ హోటల్ దగ్గర ఎగతాళి చేసినా నవ్వేవాడే తప్ప పట్టీ వదులు చేసేవాడు కాదు.

ఆ పట్టీ ఊడలేదు. దవాఖానలో డాక్టరు అదే చెప్పాడు. "తలకు గీత గూడ పడలే. హెల్మెట్ కాపాడింది. తొడల నరం తెగి నెత్తురు పోయింది. గుద్దినోడు అప్పుడే ఒక్క ఫోన్ చేసినా మీ తమ్ముడు బతుకుతుండె." రోడ్డు పక్క గుంతలో, తంగేడు చెట్ల వెనక పడి ఉన్న వాణ్ణి కూలికి పోతున్న గంగి అనే ఆమె చూసేసరికి ఏడున్నర. అప్పటికీ ఊపిరి ఉంది. నీళ్ళు అడిగాడట. అంబులెన్స్ ఊరు చేరేలోపే ఆ ఊపిరీ పోయింది.

పోలీసులు 'గుర్తు తెలియని వాహనం' అని రాసుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా దస్తగిరికి ఒళ్ళు మండేది. గుర్తు తెలియకపోవడమేమిటి? ముప్పై ఏళ్ళుగా అతని పని సొట్టలు తీయడం. గేదె గుద్దిందా, గోడకు రాసుకుందా, తాగి చెట్టుకెక్కించారా అన్నది సొట్ట మీద అరచేయి పెట్టి చెప్పగలడు. మనిషిని గుద్దిన బండి తన కంట పడకుండా ఎక్కడికి పోతుంది?

అతనికి ఇంకో పట్టుదల కూడా ఉంది. తమ్ముడి భార్య మెహనాజ్ ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఠాణాకు పోలేదు, రోడ్డు మీద నిలబడి ఫలానా బండి ఆపండి అనలేదు. అందుకే రోజూ సాయంత్రం దస్తగిరి లోపలి గది పరదా దగ్గరికి వచ్చి నిలబడతాడు. అవతలి నుంచి ఒకటే ప్రశ్న.

"ఇయ్యాల ఎవరి బండి చూసినవ్ భాయ్?"

చూసినవన్నీ చెబుతాడు. నాలుగో రోజున మెహనాజ్ ఒక మాట అంది.

"గుద్దిన బండికి సొట్ట పడే ఉంటది గద భాయ్. గది బాగుచేసిన మిస్త్రీ ఒకడుంటడు. వానికి తెలువదా ఏందో? నోరు మూస్కొని సుత్తి కొట్టిండు. వాని చేతులు పడిపోను!"

"ఆమీన్" అన్నాడు దస్తగిరి.

అనుమానం మొదలైతే దానికి అంతెక్కడ? నర్మెట్ట నుంచి పాల వ్యాను తెచ్చే జగపతి బండికి ఎడమ దీపం పగిలి కనిపించింది. దస్తగిరి నడిబజార్లో అతని చొక్కా పట్టుకున్నాడు. బడి పిల్లల క్రికెట్ బంతి తగిలి పగిలిందని పదిమంది సాక్ష్యం చెప్పాక వదిలాడు. జగపతి తెగిన గుండీ ఏరుకుని వెళ్ళిపోయాడు. ఇసుక లారీ అయ్యుంటుందని ఎవరో అంటే బస్సెక్కి భూపాలపల్లి దాకా పోయాడు. ముందు భాగం నుజ్జయిన లారీ ఒకటి అక్కడ దొరికింది. కానీ దాని బంపరు ఇరుకులో చింత బెరడు ఉంది. చెట్టుకు గుద్దిన లారీ అది. చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

ఇసుక లారీ మాట మొదట అన్నది ఎవరో దస్తగిరికి బాగా గుర్తే. వెంకట్రాజం సేటు. మానుకోట మార్కెట్లో మిర్చి కొని జనగామ, వరంగల్ దుకాణాలకు పంపే టోకు వ్యాపారి. ఇరవై ఏళ్ళుగా తన జీపుకు ఏ పని పడ్డా దస్తగిరి షెడ్డుకే వస్తాడు. ఆమెర్ జనాజా రోజున కబరస్తాన్ గేటు దాకా నడిచాడు. మర్నాడు బియ్యం బస్తా పంపాడు. "సేటు దేవునసుంటోడు బేటా" అని కుబ్రా బీ, అంటే దస్తగిరి తల్లి, సేటు పిల్లల పేరున దువా కూడా చేసింది.

ఆమెర్ పడి ఉన్నాడని ఆ పొద్దున ఫోన్ మోగినప్పుడు దస్తగిరి చేతి కింద ఉన్నది కూడా ఆ సేటు జీపే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని మనవాళ్ళు ఊరికే అనలేదు. లోకంలో ఉన్న బండ్లన్నిటినీ అనుమానించాడు గానీ, తన చేత్తో సాఫు చేసిన బండి మీదికి అతని బుద్ధి పోలేదు.

పదకొండో రోజు పొద్దున సేటు షెడ్డుకు వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. కుబ్రా బీ బాగోగులు అడిగాడు, ఎండల సంగతి చెప్పాడు, ఆఖరుకు అసలు మాటకు వచ్చాడు.

"మిస్త్రీ, మొన్న నా జీపుకు తీసేసిన ముందటి గార్డు ఉన్నదా?"

"ఉంటది సేటు. ఎందుకు?"

"ఏం లేదు. ఊర్ల ట్రాక్టర్‌కు పెట్టిద్దామని. పనికొస్తది గద."

దస్తగిరి చేతిలో ఉప్పుకాగితం ఆగిపోయింది. ఆ షెడ్డులో ఒక రివాజు ఉంది, జిల్లాలో ప్రతి షెడ్డులోనూ ఉంది. బండికి కొత్తది వేశాక తీసిన పాత సామాను మిస్త్రీదే. అది షెడ్డు రేకుల మీద పడుంటుంది, నెలకోసారి కబాడీ వచ్చి తూకానికి తీసుకుపోతాడు. బండి యజమాని దాన్ని అడగడు. అడిగితే నామోషీ. ఇరవై ఏళ్ళలో సేటు ఊడిన నట్టు కూడా వెనక్కి అడిగిన పాపాన పోలేదు. అలాంటివాడికి వంకర పోయిన ఇనుప గార్డు మీద ఇంత ప్రేమ ఎక్కడి నుంచి వచ్చింది?

"పైన చూడాలె సేటు. నాలుగు గంటలకు రాండ్రి."

"మనిషిని ఎక్కియ్యనా? నేనే వెతుక్కుంట."

"వద్దు సేటు. రేకులు కాలుతున్నయ్."

సేటు వెళ్ళాక దస్తగిరి నిచ్చెన వేశాడు. ఒక్కో మెట్టుకూ ఆ పొద్దున జరిగిందంతా గుర్తుకు రాసాగింది.

ఆరున్నర కాకముందే సేటు షెడ్డు వెనకే ఉన్న ఇంటి తలుపు కొట్టాడు. నర్మెట్ట దిక్కు నుంచి వస్తుంటే అడవి పంది అడ్డం వచ్చిందన్నాడు. నర్మెట్ట ఎక్కడ, జఫర్‌గఢ్ ఎక్కడ! ఒకటి ఆ దిక్కు, ఇంకొకటి ఈ దిక్కు. గార్డు ఎడమ పక్క వంగింది, దీపం పగిలింది, ముందు చక్రం పైనుండే రెక్క మీద సొట్ట. పంది గుద్దితే ముందు జాలీలో వెంట్రుకలు ఇరుక్కుంటాయి. ఒక్క వెంట్రుక లేదు. దస్తగిరి అది చూశాడు. నిజం చెప్పాలంటే, చూసి ఊరుకున్నాడు. పెద్దమనిషి అబద్ధమాడుతుంటే నువ్వు అబద్ధమాడుతున్నావని అనడం మన దగ్గర లేదు. ఏ గోడకో గుద్దుకుని నామోషీపడి పంది పేరు చెబుతున్నాడనుకుని లోపల నవ్వుకున్నాడు కూడా. గార్డు విప్పి పైన పడేశాడు. షెడ్డులో ఉన్న దీపం బిగించాడు. రెక్క లోపలి నుంచి సుత్తితో కొట్టి సొట్ట లేపాడు. సేటు ఇదే స్టూలు మీద కూర్చుని, కుబ్రా బీ పెట్టిన చాయ్ తాగాడు.

గార్డు రేకుల మీద, పాత సైలెన్సర్ల కింద ఉంది. పైపైన తుడిచి ఉంది. జీపు షెడ్డుకు రాకముందే తుడిచారు. కానీ తుడిచే చేతికి బోల్టు కింది ఇరుకు సంగతి తెలియదు. దస్తగిరికి తెలుసు. స్క్రూడ్రైవర్ మొనతో గీకాడు. గోరంత రంగు పెచ్చు లేచి అరచేతిలో పడింది.

ఆ రంగు డబ్బాలో దొరికేది కాదు. "నా బండి రంగు ఇంకెవ్వని బండికి ఉండొద్దు భయ్యా" అని ఆమెర్ ప్రాణం తీస్తే, మిగిలిన పచ్చ రంగులో కొంచెం నీలం, చిటికెడు వెండి పొడి వేసి కంటి అంచనాతో దస్తగిరే కలిపాడు. నెమలి మెడ రంగు వచ్చింది. మిగిలినది వెనక రస్కుల డబ్బాకు పూశాడు. మళ్ళీ కలపమంటే తనకే కుదరలేదు. మూడు జిల్లాల్లో ఆ రంగు ఉన్నది ఆ బండికీ, ఆ డబ్బాకే.

ఎండకు కాలుతున్న రేకుల మీద అలాగే కూలబడి ఏడ్చాడు. సేటు మీద కోపంతో కాదు, అది తర్వాత వచ్చింది.

నాలుగింటికి సేటు వచ్చాడు. దస్తగిరి గార్డును అప్పటికే గోనెలో చుట్టి లోపల పెట్టాడు. అయినా ఇరవై ఏళ్ళ ఉప్పు ఊరికే పోదు. రంగు చెప్పినా సరే, మనిషి నోట వినాలనిపించింది.

"కబాడీకి పోయింది సేటు. నిన్ననే తీస్కపోయిండు. ఈపాటికి కరిగిపోయి ఉంటది."

ట్రాక్టర్‌కు కావాలన్నవాడు అయ్యో అనాలి. కబాడీ ఎవడని అడగాలి. సేటు పెద్దగా ఊపిరి వదిలాడు. రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"పోనీ తియ్, మంచిగైంది" అన్నాడు.

"ఏం మంచిగైంది సేటు?"

సేటు తల ఎత్తాడు. దస్తగిరి కళ్ళలోకి చూసి, చూపు పక్కకు తిప్పుకున్నాడు. చెప్పు వెతుక్కుంటున్నట్టు కాలితో నేల తడిమాడు. చెప్పు కాలికే ఉంది.

"జర పనున్నది మిస్త్రీ. వస్త" అని లేచాడు.

దస్తగిరి గోనె భుజాన వేసుకుని ఠాణాకు నడిచాడు. ఎస్సై తిరుమల గార్డు చూసింది, పెచ్చు చూసింది, ఠాణా ఆవరణలో ఉన్న ఆమెర్ బండి దగ్గరికి తీసుకుపోయి రెండూ పక్కపక్కన పెట్టించింది.

"ల్యాబుకు పంపిస్త. సేటును ఇప్పుడే పిలిపిస్త. బండి బాగుచేసిన మిస్త్రీ ఎవరు?"

"నేనే మేడమ్."

ఆమె కలం ఆగింది. "సాక్ష్యం చెరిపినట్టయితది. తెల్వక చేసినవని నువ్వే చెప్పుకోవాల్సి వస్తది. ఆలోచించుకున్నవా?"

"రాస్కోండ్రి మేడమ్. జాలీల వెంట్రుకలు లేవని చూసి గూడ అడగలే. గది గూడ రాయుండ్రి."

సంతకం చేసి ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. కుబ్రా బీ నమాజు చాప పరుస్తోంది. దస్తగిరి చేతులు కడుక్కుని పరదా దగ్గర నిలబడ్డాడు. అరచేతుల్లో మసి ఎప్పటిలాగే పూర్తిగా వదల్లేదు.

"ఇయ్యాల ఎవరి బండి చూసినవ్ భాయ్?"

"దొరికింది మెహనాజ్. వెంకట్రాజం సేటు జీపు. పోలీసులు ఆయన ఇంటికి పోయిన్రు."

అవతల గాజులు లేని చేయి గోడను పట్టుకున్న చప్పుడైంది. తర్వాత గొంతు వచ్చింది.

"బాగుచేసినోడు ఎవడు?"

దస్తగిరి పరదా కింది నుంచి రెండు చేతులూ లోపలికి చాపాడు.

"నువ్వు తిట్టిన చేతులు గివే."

ఆమె తిట్టలేదు. కుబ్రా బీ చాప మీదే కూర్చుండిపోయింది. ఆ పొద్దున సుత్తి చప్పుడు వినపడగానే, పెద్దోడికి పొద్దున్నే బోణీ అయిందని అల్లాకు షుక్రియా చెప్పింది ఆమే.

"సుత్తి ఎప్పుడు కొట్టినవ్ భాయ్?" మెహనాజ్ అడిగింది.

"ఏడింటికి."

"ఏడింటికి ఆయన బతికే ఉండె గద."

"ఉండె" అన్నాడు దస్తగిరి.