పచ్చగా వచ్చేదాకా

మాది కంటైనర్ల పని అని చెబితే లేగోస్‌లో ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. అపాపా రేవులో ఇరుక్కుపోయిన తన టైర్ల కంటైనర్‌ని విడిపించమని మా మేనమామ నన్ను పీడిస్తూనే ఉంటాడు. "నీ చేతిలో అన్ని కంటైనర్లు ఉంటాయటగా, ఒరే ఒసారో, ఒక్కటి మీ మామకి ఇప్పిస్తే అరిగిపోతావా?" అంటాడు. మావి ఇనుప డబ్బాలు కావని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

కంప్యూటర్‌లో ఒక్కో పనిని ఒక్కో డబ్బాలో పెట్టి నడుపుతారు. ఆ డబ్బాలను లేపడం, ఆపడం, చచ్చినదాని చోట కొత్తదాన్ని నిలబెట్టడం మా సాఫ్ట్‌వేర్ చేసే పని. యాబాలో ఒక మెకానిక్ షెడ్డు పైఅంతస్తులో కూర్చుని దాన్ని తయారుచేస్తాం. అందులో సెట్టింగులు రాసేది నేను. పరీక్షలు రాసేది మోజీ అక్క. ప్రోగ్రాంలో ఎవరు ఏది మార్చినా ఆ పరీక్షలు వాటంతటవే నడుస్తాయి. అంతా బాగుంటే తెర మీద పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క.

చుక్క ఎర్రబడితే ఏం చేయాలో మా ఆఫీసులో అందరికీ తెలుసు. లైటు, అంటే కరెంటు, పోయి జనరేటర్ అందుకునేలోపు పరీక్షల మెషీన్ తడబడుతుంది, రెండు మూడు చుక్కలు ఎర్రబడతాయి. "లైటు మారింది, మళ్ళీ నడుపు" అంటారు ఎవరో. మళ్ళీ నడిపితే పచ్చ. నిజంగానే చాలాసార్లు కారణం అదే, అందుకే ఆ మాట ఎవరినీ అనుమానించనివ్వలేదు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే మేం ఓగా, అంటే పెద్దసారు, అని పిలిచే మా యజమాని అకిన్సెతె దాన్ని ఏకంగా సెట్టింగుగా పెట్టించాడు: పరీక్ష తప్పితే మూడుసార్ల వరకు మళ్ళీ నడుపు, ఒక్కసారి నెగ్గినా పచ్చే.

ఆ పచ్చ చుక్కల్లో ఒకటి అబద్ధమని మోజీ అక్క పట్టుకుంది.

డబ్బాను ఆపేముందు దానికి ఎంత గడువివ్వాలో చెప్పే సెట్టింగు ఒకటుంది. చేతిలో ఉన్న పని ముగించుకో, తర్వాత ఆపుతాను అని డబ్బాకి చెప్పడమన్నమాట. చాలా డబ్బాలను ఒకేసారి ఆపితే, అప్పుడప్పుడు, ఏదో ఒక డబ్బా విషయంలో మా సాఫ్ట్‌వేర్ ఆ సెట్టింగును చూడటం లేదు. గడువు లేదు, ఏం లేదు, పీక నులిమేస్తోంది. ఆ భాగం రాసినవాడు బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. విప్పి సరిచేయాలంటే వారం పది రోజుల పని.

"ఓగా, కేతూ అంబులెన్సు సెంటర్ వాళ్ళకి ఇచ్చేది ఇదేనండీ. ఫోనొస్తుంది, అక్కడి అమ్మాయి వివరాలు కొట్టి సేవ్ నొక్కుతుంది, డబ్బా ఆ కేసుని బండ్లవాళ్ళకి పంపుతుంది. సరిగ్గా అప్పుడే డబ్బాని చంపేస్తే ఆ కేసు ఎక్కడా ఉండదు. పోయిందని కూడా ఎవరికీ తెలీదు" అంది మోజీ అక్క.

"వచ్చిందండీ ఎర్రచుక్కల మేడం!" అన్నాడు ఓగా, కుర్చీలో వెనక్కి వాలి. "లైటు మారి ఉంటుంది తల్లీ."

"లైటు కాదండీ."

"లేగోస్‌లో ఉండి లైటు కాదంటావేంటి? లైటు లేని ఊర్లో నీ పరీక్షొక్కటే చాలా శుద్ధమైనదా?"

అందరూ నవ్వారు. మోజీ అక్క కూడా కాస్త నవ్వింది. నవ్వకపోతే ఆఫీసులో మొహం మాడ్చుకున్న మనిషనే పేరు ఖాయమవుతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా విసుగ్గానే వింటారు.

ఆ నెలలోనే ఓగా సమావేశాల గదికి కొత్త ఇన్వర్టర్ కొన్నాడు. దాని బ్యాటరీల మీద నడిస్తే లైటు పోయినా మెషీన్‌కి తెలియనే తెలియదు. మోజీ అక్క దాన్ని ఒక్క రోజుకి ఇమ్మని అడిగింది. ఆ గదిలో ఏసీ ఆగిపోతుందని ఓగా ఒప్పుకోలేదు. ఆవిడ ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ అడిగింది. చివరికి ఓగా మా అందరి ఎదుట, "తీసుకో, నీ మెషీన్‌ని పల్లకీలో ఊరేగించుకో" అన్నాడు.

మెషీన్ వైరును ఇన్వర్టర్‌కి తగిలించాం. మూడుసార్లు నడపమన్న సెట్టింగును మోజీ అక్క ఒక్కసారికి మార్చింది. ఓగా కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపు అన్నీ పచ్చగానే వచ్చాయి, ఓగా ఈల వేయడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆ చుక్క ఎర్రబడింది. జనరేటర్ ఊసు లేదు, ఎవరూ ఏ వైరూ ముట్టుకోలేదు. మళ్ళీ నడిపితే పచ్చ, ఆ తర్వాత పచ్చ, ఆ తర్వాత ఎరుపు.

"చూశారా ఓగా" అంది మోజీ అక్క. గొంతులో గెలుపు లేదు, బతిమాలుతున్నట్టే ఉంది.

ఓగా గడ్డం గోక్కున్నాడు. "ఇన్వర్టర్ కొత్తది కదా. ఇంకా సర్దుకోలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆయనకీ తెలిసిపోయిందని మా అందరికీ తెలిసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఒక్క పది రోజులు ఆగుదామండీ" అన్నాను.

"సెంటర్ నడిపే పాస్టర్ ఎనాంగ్ ఆదివారం చర్చిలో ప్రకటించేశాడు. కేతూ పేట మొత్తానికి అంబులెన్సు ఫోను నంబరు పంచేశారు. ఇప్పుడు నేను వెళ్ళి నా డబ్బాలకి తిక్క ఉందని చెప్పనా?" అని మోజీ అక్క వైపు తిరిగాడు. "మూడు కాదు, పదిసార్లు పెట్టు. ఈ విడుదల అయిపోనీ, తర్వాత తీరిగ్గా విప్పుకుందువు గాని."

మోజీ అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఓగా తనే వంగి, ఆవిడ కీబోర్డు మీద ఒకటిని పది చేశాడు. తెర నిండా పచ్చ చుక్కలు పరుచుకున్నాయి.

సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే సెట్టింగుల పుస్తకంలో నేనొక హెచ్చరిక రాశాను: ఫోన్లు వస్తున్నప్పుడు కొత్త వెర్షన్ ఎక్కించవద్దు, లైన్లన్నీ ఆపుకుని ఎక్కించండి అని. ఓగా దాన్ని కొట్టేశాడు. "అమ్మే బియ్యంలో పురుగుందని బస్తా మీద రాస్తావురా?" అన్నాడు. మోజీ అక్క నేరుగా పాస్టర్‌కే ఫోన్ చేసి చెప్పింది. ఆయన చాలా మర్యాదగా విని, "ప్రార్థన చేస్తాం సిస్టర్, దేవుడు కాపాడతాడు" అన్నాడట.

వానాకాలం నడిమధ్యలో ఒక మధ్యాహ్నం కేతూ సెంటర్‌వాళ్ళు కొత్త వెర్షన్ ఎక్కించారు. డబ్బాలన్నీ ఒకేసారి ఆగి, ఒకేసారి లేచాయి.

ఆ వేళకే ఇయా సాదిక్ అనే ఆవిడ ఫోన్ చేసింది. భర్త దర్జీ. కుట్టు మెషీన్ ముందే కూర్చుని ఊపిరాడక ఒరిగిపోయాడు. సెంటర్‌లో ఫోన్ తీసింది ఇనెమెసిత్ అనే అమ్మాయి. అడ్రసు అడిగింది, కొట్టింది, సేవ్ నొక్కింది. "బండి వస్తోందమ్మా, ఆక్సిజన్‌తో వస్తోంది. ఆయన్ని కదపకండి" అంది.

పక్కింటివాడు తన డాన్ఫో వ్యాను బయటికి తీసి, ఎక్కించండి, జనరల్ హాస్పిటల్‌కి పోదాం అన్నాడట. ఇయా సాదిక్ వద్దంది. ఆక్సిజన్ బండి వస్తోంది, కదపొద్దన్నారు అని చెప్పింది. సందు మొగ కనబడక డ్రైవరు దాటిపోతాడేమోనని, కొడుకుని తండ్రి దగ్గర కూర్చోబెట్టి, తను వానలో రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. తెల్లబండి కనబడినప్పుడల్లా చెయ్యెత్తింది. కొడుకు పరిగెత్తుకొచ్చి పిలిచేదాకా అక్కడే ఉంది. అప్పటికే ఆయన ప్రాణం పోయింది, ఇక చెయ్యెత్తాల్సిన పని లేదు.

సంగతి తెలిశాక మోజీ అక్క ఎవరినీ అడగలేదు. ఆ భాగం విప్పింది. వారం కూడా పట్టలేదు, తప్పు ఉన్నది ఒకే ఒక్క చోట. ఇంత చిన్నదానికా ఒక మనిషి పోయాడు అని నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ ప్రయత్నించే సెట్టింగును పూర్తిగా పీకేసింది. ఆ సాయంత్రం ఓగా మా బల్లల వైపే రాలేదు.

సరిచేసిన వెర్షన్ తీసుకుని ఇద్దరం కేతూ వెళ్ళాం. పాస్టర్ ఎనాంగ్ మాకు ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు, చల్లటి మాల్ట్ కూల్‌డ్రింకు సీసాలు తెప్పించాడు. మోజీ అక్క సీసా ముట్టుకోలేదు.

"పాస్టర్, ఆ కేసు మా వల్ల పోయింది. మా సాఫ్ట్‌వేర్ తప్పు" అంది.

"ఛ ఛ, అదేం మాట సిస్టర్! ఆ రోజు మాకు రెండుసార్లు లైటు పోయింది."

"లైటు వల్ల కాదండీ. మీకు బ్యాటరీలున్నాయి కదా. తప్పు మాది, నాకు ముందే తెలుసు, మీకు ఫోన్‌లో కూడా..."

"మీది మంచి మనసు, మా తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు" అన్నాడు పాస్టర్, ఆవిడ చేతులు రెండూ పట్టుకుని. "ఆ ఇంటికి నేనే వెళ్ళొచ్చాను. లైటు పోయిందమ్మా అని చెప్పాను. లైటు పోతే ఎవరిని అంటాం పాస్టర్ అంది ఆ తల్లి. ఒక్క మాట తూలలేదు. ఇప్పుడు మీరు వెళ్ళి ఇంకోటి చెబితే ఆవిడ ఏమైపోవాలి?"

మోజీ అక్క తన చేతులు విడిపించుకుని, లేచి ఫోన్ల గది వైపు నడిచింది.

ఫోన్ల గదిలో ఇనెమెసిత్ ఒక్కతే ఉంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. మేము ఎక్కించడం మొదలుపెడితే పక్కకి జరిగి నిలబడింది.

"నేను సేవ్ నొక్కానక్కా" అంది మా పని అయ్యాక. "పాస్టర్ గారు లైటు అంటున్నారు. కంగారులో నొక్కలేదేమో అంటున్నారు మిగతావాళ్ళు. నాకేమో నొక్కినట్టే గుర్తు."

"నొక్కావు. నువ్వు చేయాల్సిందంతా చేశావు తల్లీ. ఆ కేసుని పోగొట్టింది మా సాఫ్ట్‌వేర్" అంది మోజీ అక్క. "ఇప్పుడు సరిచేశాం. ఇక పోదు. నువ్వు నొక్కితే అది వెళ్ళి తీరుతుంది, నేను పూచీ."

"సరే అక్కా" అంది ఆ పిల్ల, పెద్దవాళ్ళని కాదనలేక అన్నట్టు.

ఫోన్ మోగింది. ఇనెమెసిత్ కూర్చుని తీసింది. అడ్రసు అడిగింది, కొట్టింది, సేవ్ నొక్కింది. మా తెర మీద కేసు చక్కగా బండ్లవాళ్ళకి చేరింది. మోజీ అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, నేను రాసుకున్నాను" అంటోంది ఇనెమెసిత్ ఫోన్‌లో. "కానీ మా బండి కోసం ఆగొద్దు. పక్కింట్లో ఎవరికైనా వ్యాను ఉందా? ఎక్కించేయండి. మోటారుసైకిలైనా సరే. లేదమ్మా, వస్తుందని నేను చెప్పలేను. మీరు బయల్దేరండి."

ఫోన్ పెట్టేసి, ఆ పిల్ల మా వైపు చూడకుండా తర్వాతి కాల్ కోసం చెవులకి హెడ్‌ఫోన్ సర్దుకుంది.