సాయంత్రమైనా దిగని గీత

పెళ్లిగౌన్లు కుట్టే టైలరమ్మ లోకంలో అందరి కొలతలూ తీసేది, తనవి తప్ప. ఆమె ఆడపడుచు సిటీబస్సు కండక్టరు. ఆ పిల్ల సీట్ల మధ్య నడుస్తుంటే ప్రయాణికులు ముందే మోకాళ్లు ముడుచుకునేవారు. ఊబకాయానికి కఠినమైన పథ్యం పెడుతున్నారని విని, వదినామరదళ్లిద్దరూ ఒకరి ధైర్యంతో ఒకరు ఆసుపత్రికెళ్లి పేర్లు రాయించుకున్నారు. పూటకో గ్లాసుడు సూపు, అంతే.

పథ్యంతోపాటు ఓ పరీక్ష కూడా ఉంది. ఉదయం లేవగానే ఒకసారి, సాయంత్రం మరోసారి చిన్న గొట్టంలో ఉమ్మి పట్టివ్వాలి. ఒత్తిడి హార్మోను అందులో తెలుస్తుందట. అది తెల్లవారేసరికి పైకి లేచి, పొద్దు వాలేకొద్దీ దిగాలని డాక్టరమ్మ చెప్పింది.

తీరా చూస్తే సాయంత్రానికి టైలరమ్మ నోరు పిడచకట్టుకుపోయేది. దానికి ఆడపడుచే ఉపాయం కనిపెట్టింది. డ్యూటీ దిగి నేరుగా కుట్టుమిషను పక్కకి చేరి, బస్సులో ఆ రోజు ఎవరేం తిన్నారో పూసగుచ్చినట్టు చెప్పేది. వెన్న కారే రొట్టె, కరకరలాడే వేపుడు ముక్కలు, వేళ్లకంటిన క్రీము కళ్లు మూసుకుని నాకిన ముసలాయన. వదినకి నోరూరి గొట్టం నిండేది.

కొన్నాళ్లకి ఫలితాలొచ్చాయి. కాగితం మీద టైలరమ్మ హార్మోను గీత సాయంత్రం దిగాల్సింది పోయి నిటారుగా ఎక్కింది.

"తిండి తగ్గితే కరువొచ్చిందని ఒళ్లు కంగారు పడొచ్చు," అంది డాక్టరమ్మ. "కానీ సాయంత్రమే ఎందుకమ్మా? ఆ వేళ ఏం చేస్తుంటారు?"

టైలరమ్మ నేలచూపులు చూస్తూ ఉన్నదంతా చెప్పేసింది. డాక్టరమ్మ పెదవి బిగబట్టి విన్నది గానీ, క్రీము ముసలాయన దగ్గరికొచ్చేసరికి బల్లమీద తలవాల్చేసి నవ్వింది. తేరుకున్నాక, ఆ తిండి కబుర్లు కట్టిపెట్టమంది.

ఆ సాయంత్రం ఇద్దరూ బెల్లంకొట్టిన రాళ్లలా కూర్చున్నారు. గొట్టంలో చుక్క లేదు. ఉండబట్టలేక ఆడపడుచు, పక్కవాడి భుజాన్ని దిండనుకుని దులిపి, నాలుగు దెబ్బలు కొట్టి మెత్తబరిచి మళ్లీ పడుకున్న ప్రయాణికుణ్ణి అభినయించింది. భుజం వదినదే. టైలరమ్మ కిసుక్కుమంది. ఇక ఆగలేదు. చేతిలోని గొట్టం ఎగిరి సగం కుట్టిన గౌను చేతిలో దూరింది. తీయబోయిన ఆడపడుచు మోచేయి అందులో ఇరుక్కుంది. లాగినకొద్దీ నవ్వు, నవ్వినకొద్దీ బిగింపు.

టైలరమ్మ భర్త గుమ్మంలో నిలబడి, ఏమైందని కంగారుగా అడిగాడు.

"ఆకలేస్తోందన్నయ్యా," అనడానికి చెల్లెలికి చాలాసేపు పట్టింది.

అప్పట్నుంచి సాయంత్రాలు తిండి కబుర్లకి బదులు ప్రయాణికుల అభినయాలే సాగాయి, ఆ నవ్వులకే గొట్టమూ నిండేది. తర్వాతి పరీక్షలో గీత బుద్ధిగా కిందికి దిగింది. ఒళ్లు పథ్యానికి అలవాటుపడి ఉండొచ్చనీ, నవ్వువల్లేనని తాను చెప్పలేననీ డాక్టరమ్మ అంది. ఆడపడుచు అది చెవిన పెడితేనా? వైద్యం తనదేనని ఆసుపత్రి వరండా అంతా చాటింది. వారం తిరక్కుండా పథ్యంవాళ్లందరూ గొట్టాలు పట్టుకుని కుట్టుదుకాణానికి రావడం మొదలెట్టారు. బెంచీ మూలిగింది. గౌను కొలత చూసుకోవడానికొచ్చిన పెళ్లికూతురు కాసేపు గుమ్మంలో తటపటాయించి, తానూ గుడ్డల మూటమీద చతికిలబడి, మొదట్నుంచీ చెప్పమంది.