కాళహస్తి నుంచి నేరుగా ఇంటికి

కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకున్నవాళ్లు ఇంకెవరి గడపా తొక్కకూడదు. నేరుగా తమ ఇంటికే పోవాలి. అక్కడ వదిలించుకున్న దోషం ఇంకా కాళ్లను పట్టుకునే ఉంటుందట. దారిలో ఎవరింట్లో అడుగు పెడితే వాళ్లకు చుట్టుకుంటుందట. మా చిత్తూరు వైపు ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఆయన మునిప్రసాద్‌కు తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. తెలిసే కారును పులికాట్ సరస్సు వైపు తిప్పాడు.

మాకు చిత్తూరులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. దానికి తాళం వేసి పక్క వీధికి కూడా కదలని మనిషి, సెకండ్ హ్యాండులో కారు కొన్నాక ఊళ్లు తిరగాల్సిందేనని పట్టుబట్టాడు. మొదటిరోజు కల్యాణి డ్యాం, చంద్రగిరి కోట, రాత్రికి తిరుపతిలో లాడ్జి. తెల్లారి స్వర్ణముఖి ఒడ్డున కాళహస్తి గుడి. ఆ తర్వాత పులికాట్‌లో ఫ్లెమింగో పక్షులు. మా అత్త చంద్రకాంతమ్మ ఈ వరుస వినగానే అడ్డం తిరిగింది.

"కాళహస్తి కడాకు పెట్టుకోరా నాయనా. ఆడ్నుంచి ఇంటికే పోవాల," అంది.

"సరస్సు ఎవురిల్లూ కాదు కదమ్మా. కారు దిగకుండా సూసి వచ్చేద్దాం," అన్నాడు ఆయన.

ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నలిగేది నేను.

ఆయనకు షుగరు ఉంది. పూజ అయ్యేదాకా ఏమీ తినకూడదని అత్త అంది. ఎంతసేపు, ఇట్టే అయిపోతుందని ఆయన అన్నాడు. అలా అంటూనే, అలవాటు కొద్దీ లాడ్జిలో ఇన్సులిన్ సూది పొడుచుకున్నాడు.

"సూది ఏసుకోని కడుపు మాడ్సుకుంటావా? నీకు బుద్ధి ఉండాదా లేదా?" అని అరిచాను. నా మాట ఎవరు విన్నారు గనక.

గుళ్లో జనం విరగబడి ఉన్నారు. పూజ ముగించుకుని బయటపడేసరికి ఎండ నెత్తికెక్కింది. హోటలు దగ్గర ఆపమంటే, "హోటలు గడప మాత్రం గడప కాదా?" అంది అత్త. ఇంకా ఆలస్యమైతే పక్షులు లోపలికి పోతాయని ఆయన తొందర ఆయనది. ఇంటినుంచి తెచ్చిన మురుకుల సంచి ముందురోజే చంద్రగిరి కోటలో కోతులు లాక్కుపోయాయి. ప్రసాదం కూడా వెంట తేకూడదని అత్త గుడి దగ్గరే పంచేసింది. షుగరు మనిషి ఉన్న కార్లో తీపి ఉండకూడదన్నది నా చట్టం. కాబట్టి కార్లో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు.

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కాం. ఆ రోడ్డు సరస్సు మీదుగానే పోతుంది. అటు నీళ్లు, ఇటు నీళ్లు. దూరంగా పక్షులు గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. కోపం కూడా మరిచిపోయి కాసేపు కళ్లప్పగించి చూశాను.

"అదో సూడ్రా ప్రసాదూ, ఎన్ని ఉండాయో," అంది వెనక సీట్లోంచి అత్త.

"ఆ డబరాలు ఎవురికి?" అన్నాడు ఆయన.

పక్షుల్ని చూపిస్తే అంగట్లో గిన్నెల మాట ఎత్తాడు. అత్త తమాషా అనుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏసీ వేసి ఉన్నా ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. మెడ మీద చెమట ధారగా కారుతోంది. కారు మధ్యగీత దాటి అటు పోయింది, మళ్లీ ఇటు వచ్చింది. ఎదురుగా వచ్చే బస్సు హారన్ కొడుతూ మమ్మల్ని రాసుకుంటూ పోయింది.

"ఆపయ్యా. ఏమయ్యా, కారు ఆపు."

ఆయన నా వైపు తిరిగాడు. ఆ చూపులో నేను లేను. బస్టాండులో పక్కన కూర్చున్న ఎవరినో చూసినట్టు చూసి మళ్లీ ముందుకు తిరిగాడు.

నాకు కారు తోలడం రాదు. మధ్యలో ఉండే బ్రేకు కర్ర మాత్రం తెలుసు. రెండు చేతులా పట్టుకుని లాగాను. కారు కీచుమని పక్కకు తిరిగి, రోడ్డు అంచు దిగి, నీళ్లకు బారెడు దూరంలో ఆగింది. ఆయన తల స్టీరింగ్ మీద వాలిపోయింది.

108కి ఫోన్ చేశాను. బండి సూళ్లూరుపేట నుంచి రావాలట. మింగగలిగితే ఈలోగా తీపి ఏదైనా నోట్లో పెట్టమన్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి, నీళ్లు పోస్తే మింగుతున్నాడు. కానీ తీపి ఎక్కడుంది? చుట్టూ చూస్తే వలలు ఆరేసిన ఇల్లు ఒకటి కనిపించింది. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను.

"సుజనా, ఇంట్లోకి మాత్రం పోవద్దు. ఆ ఇంటోళ్లకు సుట్టుకుంటాది," అని వెనకనుంచి అత్త కేక.

లోపల ఒక పడుచుపిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన చేటలో ఎండు రొయ్యలు. గోడ మీద శిలువ. ఆ పిల్ల కడుపు చూసి నా కాలు గడప దగ్గరే ఆగిపోయింది. నెలలు నిండిన కడుపు.

"అమ్మా, మా ఆయనకు షుగరు పడిపోయింది. చక్కెర ఉంటే రవ్వంత ఇట్లియ్యి," అన్నాను బయటనుంచే.

"పైన సెక్క మీద డబ్బాలో ఉండాదక్కా. నేను లేయలేను. మీరే వొచ్చి తీసుకోండి."

నేను కదల్లేదు. అవన్నీ మూఢనమ్మకాలని అత్తతో ఎన్నిసార్లు వాదించానో. ఆ వాదన ఒక్క ముక్క కూడా ఆ గడప దగ్గర నాకు అక్కరకు రాలేదు. అక్కడ నా మొగుడు, ఇక్కడ ఈ బిడ్డ కడుపు.

"రా అక్కా, బిన్నా రా. ఏం సూస్తా ఉండావు?"

కళ్లు మూసుకుని గడప దాటాను. డబ్బా తీసుకుని బయటపడ్డాను. కారు దాకా ఎలా వచ్చానో నాకు తెలియదు.

చక్కెర నీళ్లలో కలిపి చెంచాడు చెంచాడు పోశాం. మొదట సగం గడ్డం మీదికే కారింది. అత్త కొడుకు తల పట్టుకుని, "మింగు నాయనా, మింగు," అంటూనే ఉంది. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచి, "సుజనా, కారు ఈడెందుకు ఆపినారు?" అన్నాడు. పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

"ఇంట్లోకి పోయినావా?" అంది అత్త.

"పోయినా అత్తా. ఆ పిల్ల కడుపుతో ఉండాది."

అత్త ముఖం పాలిపోయింది. అంతలోనే ఆ ఇంట్లోంచి పెద్ద అరుపు వినిపించింది.

ఆ అరుపు విని నేను చచ్చిపోయాననుకోండి. ఇద్దరం పరుగెత్తాం. అత్త గడప దగ్గర ఆగలేదు, నన్ను తోసుకుని లోపలికి పోయింది. ఆ పిల్ల చాప మీద మెలికలు తిరుగుతోంది.

"ఏమైంది తల్లీ? ఎప్పుట్నుంచి?" అంది అత్త.

"పొద్దున్నుంచే అవ్వా. మా ఆయన పడవ మీద పోయినాడు. ఫోన్ తగల్లేదు."

పొద్దున్నుంచే. అంటే నేను రాకముందు నుంచే. ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకోవాలనిపించింది, కానీ అడిగే సమయమా అది?

"నీ పేరేంది తల్లీ? ఏం నచ్చత్రం?" అంది అత్త, మొక్కుకోవడానికి.

"అమల. మాకు నచ్చత్రాలు ఉండవవ్వా. మేం చర్చికి పోతాం."

మా ఆయన కోసం పిలిచిన 108 బండి అప్పుడే వచ్చింది. ఆయన్ను ముందు కూర్చోబెట్టి, అమలను వెనక పడుకోబెట్టారు. బండి కుదుపుకల్లా ఆ పిల్ల నా చెయ్యి నలిపేసింది. అత్త దారి పొడవునా కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూనే ఉంది. బిడ్డ అడ్డం తిరిగినట్టుందని బండిలోని నర్సు అంది. నేను అడుగు పెట్టకపోయి ఉంటే, అని ఒకటే మాట తలలో తిరిగింది.

సూళ్లూరుపేట ఆసుపత్రిలో పొద్దువాలేముందు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. అమల తరఫు ఆడవాళ్లెవరూ ఇంకా రాలేదని నర్సు గుడ్డలో చుట్టి నా ముందుకు చాపింది. నా చేతులు వెనక్కి పోయాయి. స్నానం చేయలేదు, ఇల్లు చేరలేదు, ఆ కాళ్లు ఆ కాళ్లే. ఈ పసిగుడ్డును ఎలా తాకేది?

"పట్టుకోమే," అంది అత్త. "భయం లేదు. నేను మొక్కుకున్నా."

"ఏమని?"

"దానికి తగలాల్సింది ఏముండాదో నాకు తగలనీ అని."

బిడ్డను తీసుకున్నాను. వెచ్చగా, రవ్వంత బరువుగా ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని పిడికిలి నోట్లో పెట్టుకుంది.

మర్నాడు ఇంటికి చేరాం. అమలా, బిడ్డా బాగానే ఉన్నారు. వారానికోసారి ఫోన్ చేస్తుంది. ఆయన ఇప్పుడు జేబులో బెల్లం ముక్క లేకుండా గడప దాటడు. అత్త కూడా బాగానే ఉంది, నాతో పోట్లాడటం కూడా మానలేదు. అయినా పక్క గదిలో ఆమె ఒక్కసారి దగ్గితే చాలు, చేతిలో పని చేతిలోనే వదిలేసి పోయి చూస్తాను.