మంట ఎందుకు తగ్గిందంటే

అలా కాదు మనవరాలా, "తాత గొంతు" అని రాయకు, కొట్టెయ్. గొంతు వేరు, నేను వేరు. పాడేది, దగ్గేది, అబద్ధాలు చెప్పేది గొంతు. నేను దాని వెనక ఉండి మింగేదాన్ని. నేను ఒక గొట్టాన్ని. డాక్టరమ్మ అన్నవాహిక అంటుంది. సన్నాయి గురవయ్య, అంటే మీ తాత, పుట్టినప్పుడే నేనూ పుట్టాను. నన్ను ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు. ఉన్న ఒక్క ఆసామితోనే ఇన్నేళ్ళూ వేగాను. నాకు నోరుంటే ఎప్పుడో తిట్టేదాన్ని. ఇవాళ ఆయన నోరే అరువు తీసుకున్నాను. నిదానంగా చెబుతాను, నిదానంగా రాయి.

నా లోపలి చర్మం నీ బుగ్గ లోపల ఉంటుందే, అలాంటిది. లేత గులాబీ రంగు, పొర మీద పొర. అన్నం, పప్పు, నీళ్ళు జారిపోవడానికి చేసిన చర్మం. దాన్ని కణాలు కట్టాయట, ఇటుకల్లా పక్కపక్కన ఒదిగి. నేను మాత్రం వాటిని నా పిల్లలంటాను. నా అడుగున, పొట్ట మొదలయ్యే చోట, బిగువైన మూతి ఒకటి ఉంది. తిన్నది కిందికి పోవాలి, పైకి రాకూడదు. పొట్టలో ఊరే పులుపు పొట్టకే. ఆ కింద పేగులోకి దిగే పచ్చటి చేదు పసరు పేగుకే. ఎవరి ఇంట్లో వాళ్ళుంటే నాకు ఏ గొడవా లేదు.

మీ తాత ఉండనిచ్చాడా?

సన్నాయి మేళం వాళ్ళకి పెళ్ళిలో అన్నం ఎప్పుడు పెడతారో నీకు తెలుసు. ఊరంతా తిన్నాక. అప్పటిదాకా ఖాళీ కడుపుతో ఊదాలి. ఆ తర్వాత ఆకలి మీద గుమ్మడికాయ పులుసు, గారెలు, ఊరగాయ, అన్నీ గబగబా కుక్కాలి. చెయ్యి కడుక్కోకముందే అప్పగింతలకు పిలుపొస్తుంది మరి. ఒకసారి వేటపాలెంలో అలాగే లేచాడు. డోలు వాయించే సాంబయ్య, ఆయన అక్క కొడుకు, విస్తరి ముందు కూర్చునే అన్నాడు.

"కాసేపు కూకో మావా. ముద్ద ఇంకా దిగలా, అప్పుడే ఊదుతావా?"

"పెళ్ళికూతురు ఏడుపు మన కోసం ఆగుద్దంట్రా?" అంటూ మీ తాత కండువా తీసి పొట్ట మీద గట్టిగా బిగించాడు. "ఇట్టా కడితే గాలి నిలబడుద్ది."

"నిలబడేది గాలేనా, గారెలు కూడానా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పైన ఊదుడు, చుట్టూ కండువా, లోపల నిండిన పొట్ట. మధ్యలో నా మూతి ఎంతసేపని బిగబట్టుకుంటుంది? తెరుచుకుంది. పులుపు ఎగదన్నింది, దాని వెంట పసరు. పైన జనం రాగం బాగుందని తలలూపుతున్నారు. లోపల నా పిల్లలు కాలిపోతున్నారు.

ఇది ఒక్క పెళ్ళి సంగతి కాదు. ఏళ్ళ తరబడి ప్రతి పెళ్ళీ అంతే. పులుపు ఒక్కటే అయితే ఎలాగో తట్టుకునేదాన్నేమో. పసరు తోడైతే ఇటుకల మధ్య సందులు వదులవుతాయి, ఆ సందుల్లోంచి లోపలికి దిగుతుంది. మీ తాత గుండెల్లో మంట అని రుద్దుకున్నది దాన్నే. కాలిన వాళ్ళ చోట కొత్త పిల్లల్ని కన్నాను. వాళ్ళూ కాలారు. మళ్ళీ కన్నాను. ఆయన ఏం చేశాడు? గ్యాసు అన్నాడు. సోడా తాగాడు. బర్రున తేన్చి, పోయిందన్నాడు. ఆ తేన్పుతో ఇంకాస్త పులుపు నా మీద పోశాడు.

చివరికి విసిగిపోయాను. లేత చర్మం ఇక్కడ బతకదని తెలిసి, పుట్టే పిల్లల్నే మార్చాను. పేగులో ఉండే జాతి వాళ్ళు, జిగురు పూసుకుని పుట్టేవాళ్ళు. ఎర్రగా, మొండిగా ఉంటారు. పులుపు పడినా పసరు పడినా కిక్కురుమనరు. అది నేను గెలిచి చేసిన పని కాదు, గతిలేక చేసిన పని. ఇప్పుడు నా ఇంట్లో, అడుగున కాలిన మేర, నా పిల్లలు లేరు.

మంట తగ్గింది.

దానికి మీ తాత ఏం చేశాడో కూడా రాయి. సాంబయ్యను పిలిచి, "నా మంట సచ్చిందిరా అల్లుడా" అని బండి దగ్గర నిలబడి ఇద్దరికీ మిరపకాయ బజ్జీలు చెప్పాడు. నేను అరవడం మానేస్తే బాగుపడ్డాననుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఇంతకంటే అవమానించింది లేదు.

మొన్న ఇడ్లీ ముక్క నాలో అడ్డం పడితే గాని ఆసుపత్రికి కదల్లేదు. నువ్వే కదా తీసుకెళ్ళావు. కెమెరా గొట్టం ఒకటి నాలోకి దిగింది. నన్ను చూడడానికి వచ్చిన మొదటి చుట్టం అది. చిటికెడు ముక్క గిల్లి పరీక్షకు పంపారు. డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నావు.

"మంట తగ్గింది బాగయ్యి కాదు పెద్దాయనా, లోపలి చర్మం మారిపోయి. ఇది కేన్సర్ కాదు. కానీ ఇలా మారిన చర్మంలో కొందరికి అది పుడుతుంది. మందులు ఆపకండి, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోండి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఏళ్ళుగా మంట ఉందా?"

ఉంది. మీ నాన్న కోటిలింగానికి. అదే సన్నాయి, అదే ఆఖరి పంక్తి, అదే కండువా కట్టు. పరీక్షకు రమ్మంటే ఏమన్నాడు?

"నాకిప్పుడు మంట లేదులే నాన్నా, ఆర్నెల్లాయె. పెళ్ళిళ్ళు అయినాక చూద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. మీ నాన్న లోపల నాలాంటిది ఒకటి ఉంది. అది నిజంగానే కుదుటపడిందో, అరిచి అరిచి నాలాగే నోరు మూసుకుందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది? దిగి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు చూస్తే మందులతో ఆపొచ్చు. అడ్డం పడేదాకా ఆగితే ఏం కనబడుతుందో నేను చెప్పలేను, ఆ డాక్టరమ్మా చెప్పలేదు.

మీ నాన్న కందుకూరులో పెళ్ళికి పోయాడు. ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించు తల్లీ. తాత చెప్పాడనకు, తండ్రి మాటను నవ్వి దాటేస్తాడు. గొట్టం చెప్పిందను. మధ్యలో ఆపి "నాకు మంట లేదమ్మా" అంటాడు. తప్పకుండా అంటాడు. నువ్వు వాదించకు. ఆ మంట తగ్గిన చోటు నుంచే మళ్ళీ చదువు.