ఢిల్లీకి విమానం దారి

ఆ పొద్దు ఆకాశం మబ్బు పట్టి, చినుకు రాల్చకుండా ధర్మవరం మీద ఊరికే కూర్చుంది. మల్లిక మగ్గం పక్కన తన చోట తెగిన పోగులు ముడేస్తోంది. మగ్గం గుంటలో ఉన్న భర్త కుళ్లాయప్ప ఇటు తిరక్కుండానే అన్నాడు.

"ఆ ఢిల్లీ ఫారం నింపుమే. బెంగళూరు నుంచి ఢిల్లీకి విమానం దారి ఎంతో గూడా రాయల్లంట. నాతో వచ్చేది పవన్ అని రాయి."

పవన్ కుమార్ ఆమె మరిది. హిందూపురంలో సెల్‌ఫోన్ల అంగడి. అడ్డపోగు దూర్చే నాడె పట్టి ఎరగడు.

ఢిల్లీ చేనేత మేళాలో ఐదు రోజులు జనం ముందు చీర నేసి చూపాలి. ఇద్దరికి విమానం టికెట్లు మేళా వాళ్లే ఇస్తారు. ఈ చీరకు ఒంటి రంగు వేరు, పెద్దంచు రంగు వేరు. కుళ్లాయప్ప నాడె వేసిన ప్రతిసారీ అవతలి అంచులో ఇంకో నాడె పడాలి. పదకొండేళ్లుగా అది వేసేది మల్లిక. ఒక్క పోగు తప్పినా అంచు ఊడి వస్తుంది.

"పవన్‌కు ఇది రాదు కదా" అంది.

"నాడె ఇసిరేదానికి ఏం సదువు కావల్ల? రెండు దినాల్లో నేర్చుకుంటాడు."

పొయ్యి దగ్గర నుంచి అత్త నరసక్క అందుకుంది. "అంత దూరం ఆడదానికెందుకు? ఇమానంలో నీకు కండ్లు తిరిగితే మావోడు చీర నేస్తాడా, నిన్ను మోస్తాడా?" నవ్వింది కూడా.

మల్లిక ఫోన్లో చూసింది. పదిహేడు వందల కిలోమీటర్ల పైచిలుకు. మూడు గంటలు కూడా పట్టదట. పుట్టిల్లు పెనుకొండ ఇక్కడికి నలభై. పోయిన కార్తీకంలో నాయన జారిపడి తుంటి విరిగితే, పోయొస్తానని ఎన్నిసార్లు అడిగింది! "అంత దూరం పోయి నువ్వు కట్టు కడతావా? ఈ చీర మగ్గం దిగనీ" అన్నాడు ఈయన. ఆ చీర దిగింది, ఇంకోటి ఎక్కింది. ఆమె పోయేసరికి నాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నలభై కూడా అంత దూరమే, పదిహేడు వందలూ అంత దూరమే. తను పోవాలన్నప్పుడే ప్రతి ఊరూ వెనక్కి జరుగుతుంది. మగ్గం దగ్గరికి పిలిచేటప్పుడు మాత్రం పొయ్యికీ మగ్గానికీ మధ్య అడుగు కూడా ఉండదు.

దూరం రాసింది. నేసేవారి పేరు రాసింది. తోడు నేసేవారి దగ్గర పవన్ అని రాసి, చెరిపి, తన పేరు రాసింది. పంపేసింది. 

మధ్యాహ్నం సంగటి, నంజుకోను ఊరిబిండి. ఎప్పుడూ అందరికీ పెట్టి చివర తినే మల్లిక, మూడు కంచాలూ వేసి తనూ కూర్చుంది. అత్త వింతగా చూసింది.

"పంపినావా?" అన్నాడు కుళ్లాయప్ప.

"పంపినా. నా పేరే రాసినా. పవనే పోవల్లంటే, రేపట్నించి ఈడ గూడా ఆ నాడె ఆయప్పనే ఏయమను. నేను ముట్టను."

కంచం తోసి లేస్తాడనుకుంది. లేవలేదు.  మగ్గం వైపు ఒకసారి చూసి, ముద్ద తుంచాడు. ముగ్గురూ తిన్నారు. ఫారంలో పేరు మార్చమని ఎవరూ అనలేదు.