వన్ టౌన్ పెట్టె

కోడలు దానమ్మ అట్టపెట్టె ఒకటి తెచ్చి వాకిట్లో విసిరికొట్టింది. పెట్టె పగిలి నిరోధ్ ప్యాకెట్లు శౌరయ్య కాళ్ళ దాకా చెల్లాచెదురయ్యాయి.

"చూడండి మావయ్యగారూ, మీ మనవడి నిర్వాకం! మంచం కింద దాచాడు. కొట్టు పెడతాడేమో అడగండి!"

మనవడు ఆరోన్ గుమ్మంలో తల వంచుకున్నాడు. వెనక అతని భార్య కృప. పందొమ్మిదేళ్ళ పిల్ల. పెళ్ళయి ఆర్నెల్లు కాలేదు. విజయవాడలో నర్సింగు చదువుతోంది. ఆదివారాలు ఇంటికొచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కుతుంది.

"ఇన్నెందుకురా?" అన్నాడు శౌరయ్య.

"చల్లపల్లిలో మందుల షాపు పాల్ మన చర్చి మనిషే కదా తాతయ్యా. అడిగితే ఊరంతా తెలిసిపోద్ది. అందుకని విజయవాడ వన్ టౌన్ పోయా. అక్కడన్నీ టోకు కొట్లు. విడిగా ఇవ్వం అన్నారు. సిగ్గేసి పెట్టె పట్టుకొచ్చేశా."

కృపకి నవ్వాగలేదు.

"నవ్వుతోంది చూడండి!" దానమ్మ మండిపడింది. "ఈ చదువే దీన్నిట్లా తయారుచేసింది. రేపు బస్సెక్కేది లేదు. ఏడాది తిరిగేలోగా బిడ్డనెత్తుకోవాలి. విశేషం ఏమన్నా ఉందా అని చర్చి దగ్గర అందరూ అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

"కననని అన్లేదత్తయ్యా. చదువయ్యాక కంటా."

శౌరయ్య లేచాడు. ఆయన నోటికి ఫాదరుగారు కూడా జంకుతారు. కృప ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన వంగి, ప్యాకెట్లు ఏరి పెట్టెలో వేయసాగాడు.

"అయ్యో, మీరు ముట్టుకోవడమేంటండీ!" అంది దానమ్మ.

"మీ అత్త అమలమ్మ పదహారేళ్ళకి నాతో కాపరానికొచ్చింది. ఇరవైకి మూడో కాన్పులో పోయింది. ఆగొచ్చని ఒక్కళ్ళు చెప్పలా. ఆస్పత్రోళ్ళు చెప్పలా, మా అమ్మ చెప్పలా. విశేషమా విశేషమా అని అడిగినోళ్ళే సమాధి దగ్గర గుండెలు బాదుకున్నారు. ఒక్కళ్ళని క్షమించలా. క్షమించను."

ఆ ఇంట్లో ఆయన ఎన్నడూ ఎత్తని మాట అది. దానమ్మ గొంతు తగ్గింది.

"అది కాదండీ... ఇవి వాడితే తర్వాత పిల్లలు పుట్టరంటగా?"

"ఎవరన్నారత్తయ్యా?" కృప ముందుకొచ్చింది. "మానేస్తే మామూలే. పైగా జబ్బులు అంటకుండా కాపాడతాయి. నాతో చదివిన ఇద్దరు పదిహేడుకే తల్లులయ్యారు. ఒకామె ఇంకా రక్తం లేక నీరసపడుతోంది. మీరే రండి, మా ఆస్పత్రి డాక్టరమ్మని అడగండి. ఇప్పుడు కాలేజీ పిల్లలు కూడా వచ్చి అడుగుతున్నారు. ఎవరూ కసరరు."

 సోమవారం తెల్లవారేసరికి దానమ్మ మంచి చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని కృప పక్కన బస్సు కోసం నిలబడింది. శౌరయ్య సంచి మోసుకొచ్చాడు.

"డాక్టరమ్మ దగ్గర నువ్వు బయట కూర్చోవే," అంది దానమ్మ కోడలితో. "నేనొక్కదాన్నే మాట్లాడతా."

"నన్ను నమ్మరా అత్తయ్యా?"

"నీ గురించి కాదే. నీ ఆడపడుచు సింధూరి ఇంటరుకొచ్చింది. ఏదేదో అడుగుద్ది. కన్నతల్లినై ఉండి నోరుమూసుకోమంటున్నా. నాకు తెలిస్తేగా చెప్పడానికి!"

బస్సు మలుపు తిరిగింది. శౌరయ్య రోడ్డుకడ్డంగా నిలబడి చెయ్యెత్తి ఆపాడు.