ఒకప్పుడు తిన్న కూడు

ధాత ఏట మొదలైన కరువుకు రెండో ఏడు. ఆత్మకూరు మిషను పాకలో పొద్దున్నే ప్రార్థన, ఆపైన ఇంగ్లీషు. వరదయ్య పంతులు బెత్తం ఊపుతూ "ఈట్, ఏట్, విల్ ఈట్" అనేవాడు. పిల్లలు, వాళ్ల వెనక తల్లులు, గోడకు జారగిలబడిన ముసలోళ్లు కూడా అనేవాళ్లు. కూడు లేని ఊళ్లో తిండి మాట నేర్పడం ఏందని అడిగే ఓపిక ఎవరికుంది? పైగా ఉన్న కూడంతా ఆ మాటలోనే ఉండె. సర్కారు గంజి రోడ్డు పనికి పోగలిగిన వాళ్లకే.

"ఐ ఏట్" అని సరిగ్గా అంటే చాలు, ఎప్పుడో తిన్న ముద్ద ఒకటి వేడివేడిగా అరచేతిలో పడేది. "ఐ ఈటెడ్" అన్న పెంచలయ్య చేతిలో ఇసక పడింది. "ఐ ఈట్" అంటే ఏమీ రాదు, తినేదానికి ఏముందని వస్తాది? "విల్ ఈట్" అంటే పేగులు మెలిపెట్టేవి, పంతులే దాన్ని గబగబా దాటేసేవాడు. తెలుగులో తిన్నాను తిన్నాను అని ఎంత మొత్తుకున్నా మెతుకు రాలేది కాదు. దొరల మాట గదా మరి!

ఒకటే తిరకాసు. చేతికొచ్చిన కూడు మనసులోంచి పోయేది. ఒకరి పక్కన కూర్చుని తిన్న ఆఖరి పూట కూడా పోతే, దాంతోపాటే ఆ మనిషీ మనసులోంచి పోయేది.

లిదియమ్మ మొగుడు కొండలయ్య కాలవ తవ్వే పనికని సముద్రం వైపు పోయి ఏడాది. కబురు లేదు. అక్కడ కలరా అని మాత్రం తెలిసింది. కూతురు ఆనందమ్మ చేతులు చీపురుపుల్లలైనాయి. పసిపిల్ల, తిన్న పూటలే తక్కువ, నాయన పక్కన తిన్నది ఒక్కటీ లేదు, అవి ఎప్పుడో అయిపోయినాయి. లిదియమ్మ తన పూటలు తీసి పెట్టసాగింది. పుట్టింటి కూడు పెట్టి కన్నతల్లి మొగం మర్చిపోయింది. పెళ్లి కూడు కూడా పెట్టేసింది. కూతురితో తిన్నవాటి జోలికి మాత్రం పోలేదు. మొగోళ్లు ముందు తిని లేచిపోయే ఇల్లు, మొగుడితో కలిసి తిన్నది ఇంకొక్క పూటే మిగిలింది. కాలవకు పోయే పొద్దున కొండలయ్య తన సంగటిలో సగం ఆమె కంచంలోకి తోసి, "తినవే, నువ్వూ కూర్చో" అన్న పూట. అది పోతే కొండలయ్యే పోతాడు.

ఆ రోజు పాకలో ఆనందమ్మ తల ఎత్తలేదు. ఉత్త నోరు చప్పరిస్తా పడుకుంది.

"పంతులూ, ఇంకో మాటేదన్నా నేర్పకూడదా?" అంది లిదియమ్మ.

"కూడు పుట్టించే మాట నాకు ఇదొక్కటే వచ్చు తల్లీ," అన్నాడు వరదయ్య తలొంచుకుని.

లిదియమ్మ కుళ్లికుళ్లి ఏడ్చింది. ఏడుస్తానే "ఐ ఏట్" అంది. సంగటి ముద్ద పడింది. చిన్నచిన్న ముద్దలు చేసి పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల మింగేకొద్దీ తల్లి ఏడుపు తగ్గింది. కన్నీళ్లు తుడుచుకుంటూ, ఇవెందుకొచ్చినాయబ్బా అనుకుంది.

పిల్ల బతికింది. వానలు పడినాయి. ఒకనాటి సాయంత్రం గడ్డం పెరిగిన మనిషొకడు సజ్జల మూట నెత్తిన పెట్టుకుని వాకిట్లో నిలబడి, "లిదియా!" అన్నాడు.

లిదియమ్మ కొంగు కప్పుకుంది. "ఎవురు కావాలయ్యా? ఇంట్లో మొగోళ్లు లేరు."

"నేనేనే, కొండలయ్యని!"

"ఏ ఊరు మీది? దప్పిగ్గా ఉండారా?"

ఆనందమ్మ పరిగెత్తుకొచ్చి అతని కాళ్లు వాటేసుకుంది. కొండలయ్య బిత్తరపోయి కూతురి వైపు చూశాడు.

"అమ్మ నిన్ను నాకు పెట్టేసింది నాయనా," అంది ఆనందమ్మ.

లిదియమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, గడప బయటే పెట్టి తలుపు చాటుకు పోయింది.